డొల్ల ముందు, రంగు చివర: వందే భారత్, ఎల్‌హెచ్‌బీ రైళ్ల హెచ్‌ఓ నమూనాలను పరీక్షించే పద్ధతి

పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) 1955 అక్టోబరు 2న మొదలైనప్పుడు అక్కడ తయారైనది రైలు పెట్టె తాలూకు ఉక్కు డొల్ల మాత్రమే. సీట్లు, కిటికీలు, దీపాలు, రంగులు అమర్చే ఫర్నిషింగ్ విభాగం 1962లో వచ్చింది. ఆ ఫ్యాక్టరీ షెల్ విభాగంలో పనిచేసి రిటైరైన మా మామయ్య దగ్గర నేను నేర్చుకున్నది ఏమిటంటే, అరచేతిలో పట్టే రైలు నమూనాను కూడా ఆ వరుసలోనే చూడాలి: ముందు డొల్ల, తరవాత చక్రాలూ నడకా, చివరగా రంగూ దీపాలూ. కొనేవాళ్లలో చాలామంది చూపు దీనికి సరిగ్గా ఎదురుగా నడుస్తుంది. రంగు నిగనిగలాడుతోందని, లోపల దీపాలు వెలుగుతున్నాయని డబ్బు కట్టేసి, ఇంటికి వెళ్లాక పెట్టె పొట్టిగా ఉందని గమనిస్తారు. రంగు మళ్లీ వేసుకోవచ్చు, దీపం మార్చుకోవచ్చు; పొట్టి పెట్టెను సాగదీయడం ఎవరి తరమూ కాదు. అందుకే సరిదిద్దలేని తప్పులను ముందు, సరిదిద్దుకోగలిగినవాటిని తరవాత వెతికే క్రమంలో ఈ పద్ధతిని రాస్తున్నాను.

పరీక్షకు కావలసిన సరంజామా పెద్దది కాదు. ఒక డిజిటల్ వెర్నియర్, ముప్పై సెంటీమీటర్ల స్టీలు స్కేలు, మల్టీమీటర్ ఉంటే చాలు. ఇవన్నీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. వంటింట్లో గ్రాములు తూచే చిన్న తూకం యంత్రం, వంపు లేని అద్దపు పలక, కనీసం ఒక మీటరు పట్టాలు, వాటికి 12 ఓల్టుల కంట్రోలర్ సిద్ధం చేసుకోవాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది అసలు రైలును దగ్గరగా చూసి ఉండటం. చెన్నైలో ఉన్నవాళ్లకు ఈ విషయంలో కలిగే సౌకర్యం మరెక్కడివాళ్లకూ లేదనే చెప్పాలి. సెంట్రల్ స్టేషనులో ప్లాట్‌ఫారం టికెట్టు తీసుకుని మైసూరు వందే భారత్ పక్కన పది నిమిషాలు నిలబడవచ్చు. విల్లివాక్కం దగ్గరి రైలు మ్యూజియంలో పాత పెట్టెల పక్కన తీరికగా తిరగవచ్చు. ప్లాట్‌ఫారం అంచు దాటకుండా ముందునుంచీ పక్కనుంచీ ఫొటోలు తీసుకుని, వాటిని చేతిలో ఉంచుకుని నమూనాను చూడండి. ప్లాట్‌ఫారం మీద నిలబడితే చట్రం కింది భాగం కనపడదు కాబట్టి, ఎదురు ప్లాట్‌ఫారం నుంచి కూడా ఒక ఫొటో తీసుకోవడం మంచిది.

ఇక లెక్కలు. మన దేశంలో ఆధునిక ప్రయాణికుల రైళ్ల నమూనాలు ఎక్కువగా హెచ్‌ఓ కొలతలో వస్తాయి. హెచ్‌ఓ అంటే 1:87, అసలు రైలులో 87 మిల్లీమీటర్లు నమూనాలో ఒక మిల్లీమీటరు. ఎల్‌హెచ్‌బీ, అంటే జర్మన్ డిజైనుతో వచ్చిన కొత్త తరం పెట్టె, పొడవు 23,540 మి.మీ., వెడల్పు 3,240 మి.మీ.; నమూనాలో అవి సుమారు 270.5, 37.2 మి.మీ. కావాలి. పాత ఐసీఎఫ్ పెట్టె పొడవు 21,337 మి.మీ. కాబట్టి దాని నమూనా సుమారు 245 మి.మీ. ఉండాలి. ఈ రెండు పొడవులు గుర్తుంచుకుంటే సగం మోసాలు అక్కడికక్కడే బయటపడతాయి. ఎల్‌హెచ్‌బీ అని అమ్ముతున్న పెట్టె 245 మి.మీ. దగ్గర తేలితే, పాత ఐసీఎఫ్ అచ్చు మీదే కొత్త కిటికీలు గీశారని గానీ, చిన్న మలుపుల్లో తిరగడం కోసం కావాలనే పొట్టి చేశారని గానీ అనుకోవాలి. పెట్టె 309 మి.మీ. దగ్గర ఉంటే అది హెచ్‌ఓ కాదు, 1:76.2 కొలతలోని ఓఓ నమూనా. మీ దగ్గర ఇప్పటికే ఉన్న హెచ్‌ఓ ఇంజను వెనక దాన్ని తగిలిస్తే పెట్టె ఇంజనును మింగేసేటట్టు కనిపిస్తుంది.

పట్టాల మధ్య దూరం విషయంలో కొనేవాళ్లు ముందే తెలుసుకోవలసిన రాజీ ఒకటుంది. హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మి.మీ.; అది 1,435 మి.మీ. గల స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయే కొలత. మన బ్రాడ్ గేజ్ 1,676 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 19.26 వస్తుంది. అంటే మామూలు హెచ్‌ఓ పట్టాల మీద నిలబడే ప్రతి భారతీయ రైలు నమూనా తన అసలు కాళ్లకంటే సుమారు 2.8 మి.మీ. ఇరుకైన కాళ్ల మీద నిలబడుతుంది. ఎదురుగా చూసినప్పుడు చక్రాలు కాస్త లోపలికి నక్కినట్టు ఉంటాయి. ఇది తయారీదారు తప్పు కాదు, దీనికి మార్కులు తగ్గించనక్కరలేదు. అయితే కొందరు ఈ తేడాను కప్పిపుచ్చడానికి పెట్టె వెడల్పునే తగ్గిస్తారు, అది మాత్రం తప్పే. వెర్నియర్‌ను పెట్టె నడిమి భాగంలో, కిటికీల కింద పెట్టి కొలవండి. 37 మి.మీ.కు ఒక అర మిల్లీమీటరు అటూ ఇటూ పరవాలేదు. 35 వస్తే ఆ పెట్టె అసలుదాని కంటే బక్కగా, పొడుగ్గా కనిపిస్తుంది, ఎంత మంచి రంగు వేసినా ఆ లోటు పూడదు.

వందే భారత్ విషయానికి వస్తే, 16 పెట్టెల రైలు పొడవు 384 మీటర్లు, అంటే తగిలింపులతో కలిపి పెట్టెకు సగటున 24 మీటర్లు. హెచ్‌ఓలో పూర్తి రైలు 4.4 మీటర్లు అవుతుంది. పన్నెండు అడుగుల హాలులో అది గోడ నుంచి గోడ దాకా పరిచినా పట్టదు. ఎనిమిది పెట్టెల రైలైతే 2.2 మీటర్లు, ఇంట్లో నడపడానికి అదే తగినది. ఎన్ని పెట్టెలు కొనాలో నిర్ణయించుకున్నాకే మిగతా పరీక్షలు మొదలుపెట్టండి, ఎందుకంటే లాగే శక్తి, మలుపు వ్యాసార్ధం రెండూ దాని మీదే ఆధారపడతాయి.

పొడవూ వెడల్పూ సరిపోయాక పక్కగోడ చూడాలి. ఈ పని నాకు మామయ్యే చూపించారు. ఒక సాయంత్రం కొత్తగా తెచ్చిన పెట్టెను ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూడలేదు, రంగు గురించి ఒక్క మాట అనలేదు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, పెట్టెను కంటి ఎత్తున అడ్డంగా పట్టుకుని, గోడ మీది ట్యూబులైటు వెలుగు పక్కగోడ మీద పడేలా మెల్లగా వంచారు. తెల్లటి గీత ఒకటి పెట్టె ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. నడిమి తలుపు దాటాక ఆ గీత పాములా మెలిక తిరిగింది. "గీత చూడరా. గీత వంగిందంటే గోడ వంగినట్టే," అన్నారు. ఫ్యాక్టరీలో వెల్డింగు వేడికి రేకు అలలు తేలిందేమోనని చూసే చూపు అది. నమూనాలో వేడి ప్లాస్టిక్ అచ్చులోంచి తొందరపడి తీసినా, త్రీడీ ప్రింటరు మీద ఒక మూల లేచినా అదే జరుగుతుంది. మాట్ రంగు వేసిన పెట్టెలో వెలుగు అంత స్పష్టంగా కనపడదు కాబట్టి, అప్పుడు స్టీలు స్కేలును గోడకు ఆనించి, మధ్యలో వెలుతురు చొరబడే సందు ఉందేమో చూడండి. తరవాత చక్రాల చట్రాలు విప్పిన పెట్టెను అద్దపు పలక మీద పెట్టి, నాలుగు మూలలను ఒక్కొక్కటిగా వేలితో నొక్కండి. పెట్టె టకటకమని ఊగితే అడుగు మెలితిరిగిందని అర్థం, అలాంటిది పట్టాల మీద ఎప్పుడూ ఒక పక్కకే వాలుతుంది.

ఇప్పుడు చిన్న తయారీదారులు త్రీడీ ప్రింటరు మీద చేసే నమూనాలు చాలా వస్తున్నాయి, వాటిలో కొన్ని చాలా బాగుంటాయి కూడా. కానీ ఏ పదార్థంతో చేశారో తప్పక అడగండి. పీఎల్ఏ అనే ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. నేను అలా కొన్న ఒక జత పెట్టెలను స్నేహితుడి ఇంటికి తీసుకువెళ్తూ మధ్యాహ్నం రెండు గంటలు కారు డిక్కీలో వదిలాను. సాయంత్రానికి రెండు పైకప్పులూ నడుము దగ్గర కుంగాయి. అది ఏ పదార్థమో అమ్మినవారు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. రెజిన్ ముద్రణ అయితే పెళుసుగా ఉంటుంది. మెట్లు, గొట్టాలు, పెట్టెలను కలిపే కప్లర్ పట్టే కొక్కెం లాంటి సన్నని భాగాలు కింద పడితే విరుగుతాయి. ముద్రణ పొరల గీతలు పైకప్పు వంపు మీద బాగా కనిపిస్తాయి కాబట్టి, పెట్టెను పక్కనుంచి కాక పైనుంచి ఏటవాలుగా చూడాలి.

వందే భారత్ నమూనాకు ప్రాణం దాని ముక్కు. ఫొటోను నమూనా పక్కన పెట్టి మూడు చోట్ల చూడండి: ముందు అద్దం పైకప్పుతో కలిసే వంపు, దీపాల గూళ్లు పక్కగోడ వైపు మళ్లే చోటు, ముక్కు కింద తగిలింపు మూత అంచు. ఈ మూడింటిలో మొదటిది తప్పితే రైలు మొహమే మారిపోతుంది, మిగతా రెండిటి తేడా దగ్గరగా చూసేవాళ్లకు మాత్రమే తెలుస్తుంది. అలాగే పైతీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ ఏ పెట్టె మీద ఉందో చూడాలి. వందే భారత్‌లో విడిగా ఇంజను ఉండదు. మోటారు పెట్టెలు రైలు పొడవునా పరచుకుని ఉంటాయి, మొత్తం ఇరుసుల్లో సగం శక్తిని అందిస్తాయి. పాంటోగ్రాఫులు మధ్యలోని పెట్టెల మీద వస్తాయి. ఇంజను ఉన్న రైలుకు అలవాటుపడ్డ తయారీదారు పాంటోగ్రాఫ్‌ను డ్రైవరు పెట్టె మీదే పెట్టేశాడంటే, అతను అసలు రైలును చూడలేదనే అనుకోవాలి.

డొల్ల నిలిచిందంటే కిందికి దిగుదాం. మాటల్లో బోగీ అంటే పెట్టె అనే మనమందరం అంటాం, రైల్వే పనివాళ్లు మాత్రం పెట్టె కింద చక్రాలు అమర్చిన చట్రాన్నే బోగీ అంటారు. ఇక్కడ ఆ రెండో అర్థంలోనే వాడుతున్నాను. ఎల్‌హెచ్‌బీ పెట్టె కింద ఉండే ఫియట్ రకం బోగీలో ఇరుసుల మధ్య దూరం 2,560 మి.మీ., ఐసీఎఫ్ బోగీలో 2,896 మి.మీ. నమూనాలో ఈ దూరాలు 29.4, 33.3 మి.మీ. అవుతాయి. నాలుగు మిల్లీమీటర్ల తేడా స్కేలుతోనే తెలిసిపోతుంది, అయినా ఒకే బోగీ అచ్చును రెండు రకాల పెట్టెల కిందా తగిలించే అలవాటు అరుదు కాదు. కొలవకుండానే పట్టుకోవాలంటే బ్రేకులు చూడండి. ఐసీఎఫ్ బోగీలో బ్రేకు కట్టెలు చక్రపు అంచు మీద ఒత్తుతాయి కాబట్టి ప్రతి చక్రానికీ పక్కన అవి కనిపిస్తాయి. ఎల్‌హెచ్‌బీలో డిస్క్ బ్రేకులు ఇరుసు మీద ఉంటాయి, చక్రం పక్క ఖాళీగా ఉంటుంది. ఇంకొక గుర్తు: ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు చివర్లలో నడిమి కప్లర్ ఒక్కటే, ఐసీఎఫ్ పెట్టెల్లాగ రెండు పక్కలా అదురును ఆపే గుండ్రటి బఫర్లు ఉండవు. ఎల్‌హెచ్‌బీ అని రాసి బఫర్లు తగిలించిన పెట్టెను నేను తీసుకోను. అసలు పెట్టెలో చేతి పిడికిలిలా పట్టుకునే కప్లర్ ఉంటుంది కాబట్టి, అదే తీరులో పనిచేసే కేడీ కంపెనీ రకం కప్లర్ ఇక్కడ చూడటానికీ నడపడానికీ బాగా కుదురుతుంది.

చక్రాలు లోహంవి కావాలి. ప్లాస్టిక్ చక్రాలు పట్టాల మీది మసిని పూసుకుని, మళ్లీ పట్టాలకే పూస్తాయి. చెన్నైలాంటి ఉప్పుగాలి ఊళ్లో స్టీలు పట్టాలు కొద్ది వారాల్లోనే తుప్పు పట్టి ఆ మసిని రెట్టింపు చేస్తాయి, నికెల్ సిల్వర్ పట్టాలతో ఆ బాధ చాలా తక్కువ. చక్రం వ్యాసం 10.5 మి.మీ. దగ్గర ఉందో లేదో, రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం సుమారు 14.4 మి.మీ. ఉందో లేదో వెర్నియర్‌తో ప్రతి ఇరుసుకూ చూడండి. ఒక్క ఇరుసు కొలిచి మిగతావి అలాగే ఉంటాయని అనుకోవద్దు. ఆ దూరం తగ్గితే పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు చీలే చోట, చక్రం లోపలి పక్కన ఉండే కాపు పట్టాను ఎక్కుతుంది; రైలు తిన్నని పట్టాల మీద హాయిగా నడిచి సరిగ్గా పాయింట్ల మీదే పడిపోతుందంటే కారణం చాలాసార్లు ఇదే. తరవాత పెట్టెను పట్టాల మీద పెట్టి, మీటరుకు రెండు సెంటీమీటర్ల చొప్పున పట్టాల ఒక చివర లేపండి. మంచి పెట్టె తనంతట తానే దొర్లాలి. దొర్లకపోతే ఏదో ఒక ఇరుసు బిగుసుకుంది.

బరువుకు అమెరికాలోని నమూనా రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ ఇచ్చిన సూత్రం వాడుకోవచ్చు: హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు, దాని మీద పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. పూర్తి పొడవు ఎల్‌హెచ్‌బీ పెట్టెకు అది సుమారు 180 గ్రాములు అవుతుంది. త్రీడీ ముద్రణ పెట్టెలు దీనికంటే చాలా తేలిగ్గా ఉంటాయి, దాన్ని లోపంగా చూడనక్కరలేదు, అడుగున సీసపు ముక్కలు అంటించి సరిచేసుకోవచ్చు. అయితే రైలంతా ఒకే తీరున బరువుండాలి. ముందు తేలిక పెట్టె, వెనక బరువు పెట్టెలు ఉంటే మలుపులో ముందుదాన్ని వెనకవి లోపలికి లాగి పడేస్తాయి.

మలుపు మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క చెప్పాలి. 270 మి.మీ. పెట్టె 18 అంగుళాల, అంటే 457 మి.మీ. వ్యాసార్ధం గల మలుపులో తిరిగితే దాని చివరలు పట్టాల మధ్యగీత నుంచి సుమారు 12 మి.మీ. బయటికి ఊగుతాయి, నడుము 8 మి.మీ. లోపలికి వస్తుంది. 22 అంగుళాల మలుపులో ఇవి సుమారు 10, 6.5 మి.మీ.కు తగ్గుతాయి. మీ ఇంట్లో వేయగలిగిన మలుపు చిన్నదైతే రైలు నడుస్తుందా అని మాత్రమే కాక, ఎలా కనిపిస్తుందని కూడా ఆలోచించండి. వందే భారత్‌కు పెట్టెల కింద మూసిన పక్కరేకులు ఉంటాయి కాబట్టి ఈ ఇబ్బంది రెట్టింపు, మలుపులో బోగీ తిరగబోయి ఆ రేకుకు తగులుతుంది. అమ్మేవారి దగ్గర మీ మలుపంత వంపున్న పట్టాలు లేకపోతే, పెట్టెను తలకిందులుగా పట్టుకుని బోగీని చేత్తో తిప్పి, ఎక్కడ తగులుతుందో చూడండి.

ఇప్పుడు నడిపించడం. మొదట రెండు దిశలలో పదేసి నిమిషాలు మధ్య వేగంతో తిరగనివ్వండి, చల్లగా ఉన్న మోటారును చూసి తీర్పు చెప్పకూడదు. తరవాత ఒక మీటరు పట్టాలకు రెండు చివరలా గుర్తు పెట్టుకుని, చేతిగడియారంతో లెక్కపెట్టండి. గంటకు 160 కిలోమీటర్ల వేగం హెచ్‌ఓలో మీటరును సుమారు రెండు సెకన్లలో దాటుతుంది, 130 అయితే 2.4 సెకన్లలో. గంటకు అయిదు కిలోమీటర్ల వేగంతో, అంటే స్టేషనులోకి పాకుతూ వచ్చే తీరులో అదే మీటరుకు అరవై సెకన్లకు పైగా పట్టాలి. నా దృష్టిలో పై వేగం కంటే ఈ నెమ్మది నడకే పెద్ద పరీక్ష. మోటారు ఎక్కడైనా ఎగిరెగిరి పడుతోందా, ప్రతి చక్రపు చుట్టుకూ ఒకసారి తడబడుతోందా, ఆగిన చోటు నుంచి కుదుపు లేకుండా కదులుతోందా అన్నవి చెవితోనూ కంటితోనూ గమనించాలి. మల్టీమీటర్‌ను వలయంలో కలిపి విద్యుత్తు చూస్తే, సాఫీగా నడిచే హెచ్‌ఓ మోటారు సాధారణంగా అర ఆంపియరు లోపే తీసుకుంటుంది. పెట్టెలు తగిలించినప్పుడు ఆ అంకె మెల్లగా పెరగడం సహజం. ఉన్నట్టుండి ఎగబాకితే గేర్లలో బిగుతు ఉన్నట్టు. డీసీసీ, అంటే ఒక్కో రైలునూ డిజిటల్ సంకేతాలతో విడిగా నడిపే పద్ధతి, పెట్టుకునే ఉద్దేశం ఉంటే ఆ సంకేతాలను చదివే డీకోడరు గుచ్చే సాకెట్టు ఉందా, లేక తీగలు తెగ్గోసి అతకాలా అన్నది ఇప్పుడే అడిగి తెలుసుకోండి.

వందే భారత్ సెట్లలో సాధారణంగా ఒక పెట్టెలోనే మోటారు ఉంటుంది. అది రైలు చివర ఉంటే ఒక దిశలో లాగుతుంది, ఇంకో దిశలో మిగతా ఏడు పెట్టెలనూ నెడుతుంది. నెట్టేటప్పుడు ఎస్ ఆకారపు మలుపులో మధ్య పెట్టెలు తప్పుకునే అవకాశం ఎక్కువ. మోటారు రైలు మధ్యలో ఉన్న సెట్టుకే నా ఓటు. అమ్మేవారు ముందుకు నడిపి చూపించి ఆపేస్తే, వెనక్కి కూడా నడపమని అడగండి.

ఫర్నిషింగ్ గురించి చాలా తక్కువే చెప్పాలి. రంగు ఏ కాలానిదో తేల్చుకోండి. 2019 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ–వారణాసి మధ్య మొదలైన తొలి వందే భారత్, 2022 నవంబరు 11న చెన్నై–మైసూరు మధ్య మొదలైనది తెలుపు–నీలం రంగులవి. కాషాయం–బూడిద రంగుల రైలు 2023 సెప్టెంబరులో కేరళలో మొదటిసారి కనిపించింది. నీలం రైలు ముక్కూ కాషాయం రైలు పెట్టెలూ కలిపిన సెట్టు ఎక్కడైనా కనిపిస్తే పక్కన పెట్టండి. పెట్టె సంఖ్యలో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి కాబట్టి, ఎల్‌హెచ్‌బీ పెట్టె మీద 85తో మొదలయ్యే సంఖ్య ఉంటే, అప్పటికి ఎల్‌హెచ్‌బీలే లేవు కాబట్టి, అచ్చువేసినవారు పాత డెకాల్ (అంటించే అచ్చు కాగితం) వాడుకున్నారు. దీపాలు నెమ్మది నడకలో మిణుకుమిణుకుమంటే కెపాసిటర్ కలిపితే సర్దుకుంటుంది. దిశ మారినప్పుడు ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం మారుతున్నాయో లేదో చూడండి. సీట్లు, కర్టెన్లు, లోపలి మనుషుల బొమ్మలు ఇష్టాన్ని బట్టి ఉండేవి, వాటికోసం ధర తగ్గించమనో పెంచమనో నేను మాట్లాడను.

అన్నీ అయ్యాక కాగితం మీద కొలతలు రెండు వరుసల్లో రాసుకోండి, ఎడమవైపు ఉండవలసినది, కుడివైపు ఉన్నది. పొడవు, వెడల్పు, ముక్కు వంపు, పక్కగోడ తిన్నదనం, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి బాగా తప్పినా ఆ రైలును వదులుకోండి. చక్రాల లోపాలు అమ్మేవారి ముందే సరిచేయించుకుని, మళ్లీ ఒకసారి పాయింట్ల మీదుగా నెమ్మదిగా నడిపించండి. విడి ఇరుసులు రెండు, విడి కప్లర్లు రెండు ఆ రోజే అడిగి తీసుకోండి, తరవాత ఆ అచ్చు ఆగిపోతే అవి దొరకవు. ఇంటికి తెచ్చాక గాలి చొరబడని పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచి, వానాకాలంలో ఆ పొట్లాలను నెలకొకసారి మార్చండి.